ఇరవై మీద తొమ్మిది

"ఉత్తరం ఎన్నింటికి చేతికొచ్చింది?"

"నిన్న సాయంత్రం అయిదుంబావుకి, పిన్నిగారూ."

"గడువు?"

"ఇవాళ సాయంత్రం అయిదింటికి."

గడియారం పిన్ని గోడ మీద టైము చూసింది. పదకొండూ పది. చేతిలో ఉన్నది అయిదు గంటల యాభై నిమిషాలు. ఈలోగా ఎదురుగా కుర్చీ అంచున కూర్చున్న ఈ పిల్ల తప్పు చెయ్యలేదని తేల్చాలి. తేలకపోతే వీసా రద్దవుతుంది. రద్దయిందంటే నర్సింగు చదువు ఆఖరి సంవత్సరంలో గాల్లో కలిసిపోతుంది, పెట్టె సర్దుకుని విమానం ఎక్కాల్సిందే.

పిల్లని కాలేజీలో అందరూ పిచ్చుక అంటారు. అంత చిన్న మనిషి. అసలు ఉత్తరంలో వారం రోజుల గడువే ఉంది గానీ, అది పాత హాస్టల్ అడ్రసుకి వెళ్లి ఆరు రోజులు అక్కడి డబ్బాలో హాయిగా నిద్రపోయింది. మేలుకుని ఈ పిల్లని చేరేసరికి మిగిలింది ఒక్క రోజు. పొద్దున్నే ఏడుస్తూ లాయరు దగ్గరికి పరిగెత్తింది. లాయరు కాగితాలు చూసి, తల గోక్కుని, తన గదిలోనే కూర్చోబెట్టి పిన్నికి కబురు పెట్టాడు.

పిన్ని ఇరవై రెండేళ్లు ఒక ఫ్యాక్టరీలో టైమ్‌కీపరు. ఎవరి కార్డు ఎవరు కొడుతున్నారో మొహాలు చూసి చెప్పగలిగేంత ముదిరాక ఆ ఉద్యోగం మానేసి డిటెక్టివ్ అవతారం ఎత్తింది. అబద్ధాన్ని కళ్లలో వెతికేవాళ్లని చూస్తే ఆవిడకి నవ్వొస్తుంది. అబద్ధం ఎక్కడున్నా టైములో దొరికిపోతుందని ఆవిడ నమ్మకం.

"రూలు తెలుసా నీకు?"

"తెలుసండీ. కాలేజీ నడిచే రోజుల్లో వారానికి ఇరవై గంటలే పని చెయ్యాలి. సోమవారం నుంచి ఆదివారం దాకా ఒక వారం. ఇరవయ్యో గంట అయిన మరుక్షణం నేను గ్లవ్స్ తీసేస్తాను పిన్నిగారూ! పక్కవాళ్లు నవ్వుతారు కూడా."

"మరి ఇందులో ఇరవై తొమ్మిది ఉందేమిటి?"

బల్ల మీద పరిచిన కాగితం పిచ్చుక పనిచేసే లాండ్రీది. ఆసుపత్రుల దుప్పట్లు, గౌన్లు ఉతికే పెద్ద లాండ్రీ అది. గుమ్మం దగ్గర గోడకి ఒక హాజరు మిషను ఉంటుంది. విద్యార్థుల్ని పెట్టుకున్న చోట్ల ఆ మిషను లెక్క ఎప్పటికప్పుడు వీసా ఆఫీసుకి చేరిపోతుంది. రెండు వారాల కిందటి సోమవారం నుంచి ఆదివారం వరకు, 7316 నంబరు పేర మొత్తం ఇరవై తొమ్మిది గంటలు. ఆ నంబరు పిచ్చుకది.

"సాయంత్రాలవి పదకొండు గంటలు. శనివారం అయిదు, ఆదివారం నాలుగు. ఇవన్నీ నీవేనా?"

"నావే. మొత్తం ఇరవై. అంతే చేశాను."

"సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది. మూడు మూళ్లు తొమ్మిది. ఇవి?"

"నావి కావు."

"మొదటి జీతం వచ్చిందా? అందులో తెలియాలిగా?"

"ఇంకా పడలేదండీ. చేరి నెల కూడా కాలేదు."

"సరే. ఆ మూడు రోజులూ పొద్దున్న ఎక్కడున్నావు?"

పిచ్చుక నీళ్లు నమిలింది. "ఇంట్లోనే. నిద్రపోతున్నా."

"ఎన్నింటికి లేచావు?"

"తొమ్మిదికి."

పిన్ని చెయ్యి చాపి, "నీ ఫోనులో బస్సు పాసు ఉంటుందిగా, ఎక్కిన దిగిన టైములతో సహా? ఒకసారి చూపించు" అంది.

పిచ్చుక మొహంలో నెత్తురు చుక్క లేదు. ఫోను తెరిచి ఇచ్చింది. సోమవారం పొద్దున్న అయిదూ ఇరవైకి బస్సెక్కింది. బుధవారం అయిదూ ఇరవై రెండు. శుక్రవారం అయిదూ ఇరవై. మూడుసార్లూ దిగింది ఒకే స్టాపులో. ఆ స్టాపు లాండ్రీకి పూర్తిగా ఎదురు దిక్కున ఉంది.

"నిద్రలో నడిచే అలవాటుందన్నమాట" అంది పిన్ని. "చూడమ్మాయ్, నా దగ్గర అబద్ధమాడినా నాకేం నష్టం లేదు. నేను సాయంత్రం ఇంటికే వెళ్తాను. నువ్వు ఎక్కడికి వెళ్తావో ఆలోచించుకో."

అంతే, కట్ట తెగినట్టు ఏడ్చేసింది పిచ్చుక. ఏడుపు మధ్య మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ఆ ముందు వారం గురువారం దానికి జ్వరం పట్టుకుంది, ఆదివారం దాకా తగ్గలేదు. శని, ఆదివారాలు లాండ్రీకి వెళ్లలేదు. గురు, శుక్రవారాల్లో వృద్ధాశ్రమంలో కాలేజీ వాళ్ల ట్రైనింగు డ్యూటీ కూడా ఎగ్గొట్టక తప్పలేదు. ఆ గంటలు పూర్తి చెయ్యకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. అందుకని అక్కడి హెడ్ నర్సు, 'తరువాతి వారం పొద్దున్నపూట మూడు రోజులు రా, సరిపోతుంది' అంది. అదీ సంగతి.

"ఈ ముక్క పొద్దున్న లాయరుకి ఎందుకు చెప్పలేదు?"

"అదీ పనే కదండీ! టైమ్‌టేబుల్లో లేకుండా చేసే ప్రతి గంటా పని కిందే లెక్కేస్తారట. చెప్తే అప్పుడూ ఇరవై తొమ్మిదే అవుతుంది. లాండ్రీది కాదని తప్పించుకోబోయి వృద్ధాశ్రమంలో ఇరుక్కుంటానని..."

"ఎవరు చెప్పారు ఆ వేదం?"

"మా అక్క. సొంత అక్క కాదండీ, రూములో సీనియర్. సొంత అక్క కన్నా ఎక్కువే. ఎవరితోనూ అనకు, కొరివితో తల గోక్కున్నట్టవుతుందని చెప్పింది."

పిన్ని రెండు క్షణాలు ఆ పిల్లని చూసి, తర్వాత పకపకా నవ్వింది.

"ఓసి వెర్రిమొద్దూ! చదువులో భాగంగా చెయ్యాల్సిన ట్రైనింగు పని కిందికి రాదే! టైమ్‌టేబుల్లో చేసినా, మానేసిందానికి బదులు చేసినా సరే, కాలేజీ ఒప్పుకుంటే చాలు. వీసా ఆఫీసు వాళ్ల పుస్తకంలోనే ఉంది, ఏడో రూలు. నిన్ను బయటపడేసే సాక్ష్యాన్ని నువ్వే పరుపు కింద దాచుకుని కూర్చున్నావు!"

పిచ్చుకకి ఏడుపు ఆగింది గానీ నవ్వు ఇంకా రాలేదు.

"ఈ ఉత్తరం సంగతి మీ అక్కకి తెలుసా?"

"చెప్పలేదండీ. తనకి పరీక్షలు దగ్గరపడ్డాయి, కంగారు పడుతుంది. నిన్న సాయంత్రమంతా ఏడుపు దిగమింగుకుని తన స్వెట్టరు మోచెయ్యి చిరిగితే కుడుతూ కూర్చున్నా. పసుపు స్వెట్టరుకి నీలం దారం వేశాను. ఇంట్లో ఉన్నది అదొక్కటే మరి."

పిన్ని వృద్ధాశ్రమానికి ఫోను చేసింది. హెడ్ నర్సు గొంతు కత్తిలా ఉంది. "వచ్చింది. మూడు రోజులూ అయిదూ యాభైకి సంతకం పెట్టి, తొమ్మిదీ పదికి వెళ్లింది. కాలేజీ మేడమ్ రాసిచ్చిన అనుమతి నా ఫైల్లో ఉంది. ఏడుంబావుకి పన్నెండో గదిలో తాతగారికి బీపీ చూసి చార్టు మీద రాసింది కూడా ఆ పిల్లే. ఎవరికి పంపించాలి?"

పదకొండూ ముప్ఫై అయిదుకి కాగితాల ఫోటోలు ఫోనులోకి వచ్చిపడ్డాయి. లాయరు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. పిన్ని మాత్రం లేచి చేతిసంచీ భుజానికి తగిలించుకుంది.

"ఇంకెక్కడికండీ? కేసు అయిపోయిందిగా?"

"అవతల ఉన్న వీసా ఆఫీసరు స్టాంపు. ఈ కాగితాలు చూపిస్తే నర్సుతో స్నేహం చేసి సంతకాలు పెట్టించుకున్నారంటాడు. ఈ పిల్ల అక్కడ లేదని చెప్తే సరిపోదు లాయరు గారూ. ఆ టైముకి అక్కడ ఎవరున్నారో చెప్పాలి. మీ గుమాస్తాగారిని నాతో పంపించండి. ఒక మాసిన దుప్పట్ల మూట కూడా కావాలి."

* * *

లాండ్రీ గుమ్మం దాటేసరికి పన్నెండూ నలభై. లోపల ఆవిరి, సబ్బు వాసన. ఎడమవైపు ఉతికే విభాగం, నేలంతా నీళ్లు. కుడివైపు మడతల విభాగం, పొడిగా, బల్లల మీద తెల్లగా గుట్టలు గుట్టలు. రెంటికీ నడుమ గోడకి హాజరు మిషను. లాయరు గుమాస్తా మూట పట్టుకుని కౌంటరు దగ్గర కూర్చున్నాడు. అరవై దాటిన ఆ మనిషి తలుచుకుంటే ఒకే కుర్చీలో సాయంత్రం దాకా కూర్చోగలడు.

ఈ లాండ్రీలో పనివాళ్ల పెత్తనమంతా మేస్త్రీదే. భారీ మనిషి, అంతకన్నా భారీ నోరు. పిన్ని తాను పాత టైమ్‌కీపర్నని, ఒక హాస్టలు వాళ్లు ఇలాంటి మిషనే కొనాలని సలహా అడిగారని చెప్పేసరికి పొంగిపోయాడు. అందులో సగం నిజమే. హాస్టలు వాళ్లు నిజంగానే అడిగారు, కాకపోతే మూడేళ్ల కిందట.

"అబ్బో, దీన్ని మించింది లేదమ్మా! వేలు పెట్టగానే పట్టేస్తుంది" అన్నాడు మేస్త్రీ, తన వేలు పెట్టి చూపిస్తూ. మిషను ఎర్రగా గుడ్లురిమింది. ఇంకోసారి పెట్టాడు. ఎర్రగానే. మూడోసారీ అంతే.

"పట్టలేదే?" అంది పిన్ని అమాయకంగా.

"నా వేలు తడిగా ఉందిలెండి. ఉతికేవైపు వాళ్లందరికీ ఇదే గొడవ. నీళ్లలో నాని వేళ్లు ముడతలు పడిపోతాయి, మిషనుకి ఆనవు. అందుకే మూడుసార్లు కాదన్నాక నంబరు అడుగుతుంది. ఇదిగో, నొక్కితే సరి."

"మడతలవైపు వాళ్లకో?"

"వాళ్లకేం, పొడి చేతులు! మొదటిసారికే పట్టేస్తుంది. నంబరు అవసరమే రాదు."

పిచ్చుక పని మడతల విభాగంలో. లాయరు గదిలో చూసిన కాగితంలో ప్రతి హాజరు చివరా ఒక చిన్న గడి ఉంది. కొన్నిట్లో సున్నా, కొన్నిట్లో ఇంటూ. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు మిషను తెర మీద మేస్త్రీ హాజరు చివర ఇంటూ వచ్చింది. వేలు పడితే సున్నా, నంబరు కొడితే ఇంటూ. పిచ్చుక ఇరవై గంటలకీ సున్నాలే ఉన్నాయి. ఆ మూడు పొద్దున్నపూటలకి మాత్రం ఇంటూలు.

"నంబరు ఎవరైనా కొట్టెయ్యొచ్చుగా?"

మేస్త్రీ నవ్వు కొంచెం తగ్గింది. "మా దగ్గర అలాంటివాళ్లు లేరమ్మా."

"ఉంటారని కాదు నాయనా. మా ఫ్యాక్టరీలో ఉండేవాళ్లు, అందుకని అడిగాను. మీకు వారం ఎప్పటి నుంచి?"

"శనివారం నుంచి శుక్రవారం దాకా. జీతాల లెక్క అలాగే కదా!"

అప్పుడే ఉతికేవైపు నుంచి ఎవరో కేకేశారు. మేస్త్రీ, 'ఒక్క నిమిషం' అని అటు పరిగెత్తాడు. పిన్నికి ఒక్క నిమిషం అంటే చాలా ఎక్కువ. మిషను పక్కన మేకుకి పనుల జాబితా వేలాడుతోంది. దాన్ని రెండు వేళ్లతో పైకెత్తింది. వెనక ఒక చిన్న చీటీ అతికించి ఉంది. పైన 'విద్యార్థులు' అని, కింద పెన్సిలుతో అయిదు నంబర్లు. ఒక్కొక్క నంబరు ఎదురుగా నిలువు గీతలు. ఒకదానికి రెండు, ఒకదానికి ఆరు. 7316 ఎదురుగా నాలుగు గీతలు, పక్కనే 'గురు 4.30' అని రాసి ఉంది.

ఇవాళ గురువారం.

మేస్త్రీ తిరిగొచ్చేసరికి పిన్ని గుమ్మంలో నిలబడి చెప్పులు సవరించుకుంటోంది. కౌంటరు దగ్గర గుమాస్తా పక్కన ఆగి, "మూట ఇచ్చెయ్యండి గానీ మీరు మాత్రం కదలకండి. నాలుగున్నరకి మిషను దగ్గరికి ఎవరొస్తారో, ఏం వేసుకున్నారో చూసి ఫోను చెయ్యండి" అంది మెల్లగా.

* * *

వీసా ఆఫీసులో ఆ ఆఫీసరు అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. స్టాంపు అంటే చాలు. మంచి కాగితం మీదైనా చెడ్డ కాగితం మీదైనా ఒకే జోరుతో కొడతాడు. పోయిన ఏడాది ఒక కేసులో పిన్ని మూడు నిమిషాలు ఆలస్యంగా వచ్చిందని గుమ్మంలోనే ఆపేసి, ఫైలు మూసేశాడు. ఆవిడ వాచీ అప్పటి నుంచి పది నిమిషాలు ముందుకి నడుస్తోంది.

సరిగ్గా నాలుగింటికి పిన్ని, పిచ్చుక అతని బల్ల ముందు కూర్చున్నారు. పిన్ని ఒకటొకటిగా కాగితాలు పరిచింది. స్టాంపు ఏడో రూలు ఉన్న పేజీ తీసి, పెదాలు కదుపుతూ చదివి, పుస్తకం మూశాడు.

"ట్రైనింగు పని కిందికి రాదు. ఒప్పుకున్నాను. ఆ గంటలు లెక్కెయ్యను."

పిచ్చుక ఊపిరి పీల్చుకోబోయింది.

"కానీ లాండ్రీ తొమ్మిది గంటలు అలాగే ఉన్నాయి" అన్నాడు స్టాంపు. "ఒకే మనిషి ఒకే టైములో రెండు చోట్ల ఉండదు. నర్సు సంతకం ఒకటి చెప్తోంది, మిషను ఇంకోటి చెప్తోంది. సంతకం పెట్టేది మనిషి. మనిషికి జాలి ఉంటుంది. మిషను అబద్ధం ఆడదు పిన్నిగారూ."

"ఆ మిషను పంపిన కాగితంలో ఆఖరి గడి ఎప్పుడైనా చదివారా ఆఫీసరు గారూ?"

"ఏ గడి?"

"ఆ సున్నాలు, ఇంటూలు."

స్టాంపు కాగితం దగ్గరికి లాక్కున్నాడు. ఏళ్ల తరబడి ఆ కాగితాలు చూస్తున్నవాడు మొదటిసారి ఆ గడిలోకి చూశాడు. పిన్ని వేలుకీ నంబరుకీ తేడా, తడి చేతులకీ పొడి చేతులకీ తేడా విడమరిచి చెప్పింది. చీటీలోని గీతల సంగతీ చెప్పింది.

"ఆ మేస్త్రీ వారం శనివారం మొదలవుతుంది. ఆ శని, ఆదివారాలు ఈ పిల్ల జ్వరంతో రాలేదు. ఆ తర్వాత శుక్రవారం దాకా దీని సొంత పని పదకొండు గంటలు. అంటే అతని లెక్కలో ఇంకా తొమ్మిది ఖాళీ. ఆ ఖాళీలోకి, తన ఇరవై గంటలు అయిపోయిన ఇంకెవరినో దూర్చాడు. పదకొండూ తొమ్మిదీ ఇరవై, ఎవడికీ అనుమానం రాదనుకున్నాడు. పాపం, మీ వారం సోమవారం మొదలై ఆదివారం దాకా ఉంటుందని మర్చిపోయి పప్పులో కాలేశాడు. ఇది ఆ తర్వాతి శని, ఆదివారాలు తొమ్మిది గంటలు పని చేసింది. మీ వారంలో అదీ కలిసి ఇరవై తొమ్మిదయి కూర్చుంది."

"కథ బాగుంది."

"కథ కాదు, కూడిక."

"ఆ రోజుల్లో వేలికి దెబ్బ తగిలి ఈ అమ్మాయే నంబరు కొట్టి ఉండొచ్చుగా? చీటీ సంగతి మీరే కల్పించి ఉండొచ్చుగా?" స్టాంపు ముందుకి వంగాడు. "నేనూ ఇలాగే వచ్చినవాణ్ణి పిన్నిగారూ. హోటల్లో గిన్నెలు కడిగాను. రెండేళ్లలో ఒక్క వారం కూడా ఇరవై దాటలేదు. ఆకలేసినా దాటలేదు. వీళ్లందరికీ ఒక్కొక్క కథ ఉంటుంది. నాకూ ఉండేది, ఎవరికీ చెప్పుకోలేదు."

"చెప్పుకోవాల్సింది నాయనా" అంది పిన్ని. "అప్పుడు వినేవాళ్లుంటే ఇప్పుడు మీరూ వినేవారు."

స్టాంపు మొహం ఎర్రబడింది. స్టాంపు చేతిలోకి తీసుకున్నాడు. పిచ్చుక పిన్ని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"గడువు అయిదింటికి" అంది పిన్ని. గొంతు మాత్రం పెరగనివ్వలేదు. "ఇప్పుడు నాలుగూ ఇరవై మూడు. ముప్ఫై ఏడు నిమిషాలు నావి. మీ తెర మీద ఆ లాండ్రీ హాజరు ఇప్పటికిప్పుడు కనబడుతుందిగా, తెరిచి పెట్టండి. కాసేపు ఊరికే కూర్చుందాం."

"ఎందుకు?"

"మీ మిషను అబద్ధం ఆడదన్నారుగా, చూద్దామని."

స్టాంపుకి అది సవాలులా తగిలింది. తెరని వాళ్ల వైపు తిప్పాడు. ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. నాలుగూ ఇరవై ఏడుకి ఎవరో వేలు పెట్టారు, సున్నా. నాలుగూ ఇరవై తొమ్మిదికి ఇంకొకరు, సున్నా. నాలుగున్నర అయింది. ఏమీ రాలేదు. నాలుగూ ముప్ఫై ఒకటి. మేస్త్రీకి అనుమానం వచ్చిందా? చెప్పులు సవరించుకుంటూ తాను మరీ ఎక్కువసేపు నిలబడిందా? ఇరవై రెండేళ్ల అనుభవం, తీరా ఒక పిల్ల బతుకు దగ్గరకి వచ్చేసరికి అక్కరకు రాకుండా పోతుందా?

నాలుగూ ముప్ఫై రెండు.

నాలుగూ ముప్ఫై మూడుకి తెర మీద కొత్త వరుస మెరిసింది.

7316. లోపలికి. ఇంటూ.

స్టాంపు తెర వైపు చూశాడు. బల్లకి ఇవతల కూర్చున్న పిచ్చుక వైపు చూశాడు. మళ్లీ తెర వైపు చూశాడు. తన ఆఫీసులో, తన కళ్ల ముందు, తన బల్ల ముందు కూర్చున్న మనిషి ఊరికి ఆ చివర లాండ్రీలో పనిలోకి దిగిందని అతని మిషను ప్రమాణం చేసి చెప్తోంది.

"నువ్వే... ఇక్కడే ఉన్నావుగా?" అన్నాడు పిచ్చుకతో. అంత తెలివితక్కువ ప్రశ్న అతను తన సర్వీసులో అడిగి ఉండడు.

"ఇక్కడే ఉన్నానండీ" అంది పిచ్చుక, తనకే నమ్మకం లేనట్టు.

"కావాలంటే వేలు పెట్టించి చూడండి" అంది పిన్ని. ఆవిడకి ఒక్కసారిగా ఒళ్లంతా తేలికైపోయింది. నవ్వు ఆపుకోవడం కష్టమైంది, ఆపుకోలేదు కూడా.

స్టాంపు ఫైలు ముందుకి లాక్కున్నాడు. 'నోటీసు రద్దు' అని రాశాడు. సంతకం చేశాడు. ఆ తర్వాత కొట్టాడు స్టాంపు. జోరు అదే గానీ, చప్పుడు ఇవాళ చెవులకి ఎంత ఇంపుగా ఉందో! "వెళ్లి చదువుకో" అన్నాడు పిచ్చుకతో. ఒక్క క్షణం ఆగి, కాగితం వైపు చూస్తూనే, "ఆ గడి నేను చూడాల్సింది. నాదే తప్పు" అన్నాడు.

పిచ్చుక ఏడుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ ఏడుస్తోంది. పిన్నిని వాటేసుకుని భుజమంతా తడిపేసింది. "ఇంటికెళ్లగానే అక్కకి చెప్పెయ్యాలి పిన్నీ! నిన్నటి నుంచి దాచి దాచి కడుపు ఉబ్బిపోయింది."

సరిగ్గా అప్పుడే పిన్ని ఫోను మోగింది. గుమాస్తా. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు. గదిలో నిశ్శబ్దంగా ఉండడం వల్ల ఆ మాటలు ముగ్గురికీ వినబడ్డాయి.

"చూశానమ్మా. ఒక ఆడపిల్ల. నాలుగున్నరకే వచ్చింది గానీ నంబరు కొట్టనంది. ఏడుస్తూ, 'ఇంక నావల్ల కాదు, పాపం అది నా చెల్లెలు లాంటిది' అంది. మేస్త్రీ జేబులోంచి ఏదో పాత కాగితం తీసి మొహం ముందు ఆడించాడు. 'పోయినేడు నువ్వు ఇరవైకి పైన చేసిన ఆ ఒక్క గంట సంగతి ఆఫీసుకి చెప్పమంటావా?' అన్నాడు. అప్పుడు కొట్టింది. పసుపు రంగు స్వెట్టరమ్మా. మోచెయ్యి దగ్గర నీలం దారంతో కుట్టుంది."

పిచ్చుక చేతులు పిన్ని భుజం మీంచి జారిపోయాయి.

"అక్కదీ ఆ లాండ్రీలోనే పని, ఉతికేవైపు" అంది. "అందుకేనా... ట్రైనింగు సంగతి ఎవరికీ చెప్పొద్దంది?"

వృద్ధాశ్రమం, కాలేజీ వాళ్లని వదిలేస్తే, ఆ పొద్దున్నపూట పిచ్చుక ఎక్కడుంటుందో తెలిసింది ఒక్క అక్కకే. అది ఎవరికీ తెలియనంతకాలం, ఆ గంటల్లో లాండ్రీలో ఉన్నది పిచ్చుకే.

"ఒక్క గంట" అన్నాడు స్టాంపు మెల్లగా. "మొదటిసారి ఒక్క గంట అయితే హెచ్చరిక రాసి పంపేస్తాం. అంతే. వచ్చి చెప్పుకుంటే అక్కడితో పోయేది. ఆ ఒక్క గంట పట్టుకుని వాడు ఏడాదిగా ఆ అమ్మాయిని..." మాట పూర్తి చెయ్యకుండా లేచి, కుర్చీ వెనక కోటు అందుకున్నాడు. "ఆ చీటీలో ఇంకో నాలుగు నంబర్లు ఉన్నాయన్నారు కదూ?"

"ఉన్నాయి. ఆ నాలుగింటి వెనకా ఇలా ఎవరో ఒకరు ఏడుస్తూనే ఉంటారు. మేస్త్రీని మీరు చూసుకోండి. మరి ఆ పిల్ల సంగతి?"

"తప్పు తప్పే. నోటీసు వెళ్తుంది." గుమ్మం దగ్గర ఆగాడు. "కానీ తనంతట తాను వచ్చి చెప్పుకుంటే వేరే రూలుంది. నోటీసు పోస్టు అయ్యేలోపల రావాలి. పోస్టు రేపు పొద్దున్న పదింటికి."

అతను వెళ్లిపోయాడు. అప్పుడే పిచ్చుక ఒళ్లో ఫోను టింగుమంది. అక్క దగ్గర్నుంచి మెసేజి. పిచ్చుక చదివి, తెరని పిన్ని వైపు తిప్పింది.

'లైబ్రరీలో ఉన్నానే. ఎనిమిదిన్నరకి వస్తా. నువ్వు తినెయ్, నాకోసం చూడకు.'

నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర. నాలుగు గీతలు, నాలుగు గంటలు.

పిచ్చుక ఫోను బోర్లించి, అరచేతులతో మొహం గట్టిగా తుడుచుకుంది. పొద్దున్న కుర్చీ అంచున వణుకుతూ కూర్చున్న పిల్ల కాదది.

"పిన్నీ, మీరూ నాతో ఇంటికి రండి. నన్ను చూడగానే భయపడిపోతుంది, ఎటైనా పారిపోతుంది. ఉతికి ఆరేద్దామనే ఉంది నాకు, ఆరేస్తాను కూడా, అది తర్వాత. ముందు దాని మాట ఎవరో ఒకరు వినాలి. పొద్దున్న పదింటికల్లా ఇక్కడికి తీసుకురావాలి."

పిన్ని వాచీ చూసుకుంది. పది నిమిషాలు ముందుకి నడుస్తున్న ఆ వాచీని ఇవాళ సరిచెయ్యబుద్ధి కాలేదు.

"ఎనిమిదిన్నరకి కాదే" అంది సంచీ భుజానికి తగిలించుకుంటూ. "ఎనిమిదింబావుకే వెళ్లి గుమ్మంలో కూర్చుందాం, పద."